తిన్నాక చెప్పమన్న కబురు

మేము పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మార్చి నెల, సన్నగా వాన. దక్షిణ లెబనాన్‌లో ఒక కొండ కొస మీద రాతి గోడ, ఇసుక బస్తాలు, రెండు కాపలా టవర్లు, నేలలోకి దిగిన బంకర్లు, రేకుల వంటగది. గేటు మీద ఐక్యరాజ్యసమితి నీలం జెండా. కింద లోయ నిండా ఆలివ్ తోటలు. లోయకి అవతల తెల్లటి ఊరు, ఊళ్లో ఒక మసీదు. దక్షిణానికి కిలోమీటరు నడిస్తే సరిహద్దు గీత. గీత అంటే నేల మీద ఏమీ గీసి ఉండదు. నీలం రంగు పీపాలు అక్కడొకటి ఇక్కడొకటి పాతారు. వాటికి అటు ఒక సైన్యం, ఇటు ఒక సాయుధ దళం. నడుమ మన దేశం నుంచి శాంతిదళంగా వచ్చి, నీలం హెల్మెట్లు పెట్టుకున్న మేము. చూడాలి, రేడియోలో చెప్పాలి, కాల్చకూడదు.

ఇది మా మల్కాపురంలో చెబితే ఎవరికీ రుచించదు. టీ కొట్టు దగ్గర నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎంతమందిని లేపేసావు బావ?" అని. ఎవరినీ లేపలేదు. నేను డ్రైవర్ని. తెల్లరంగు వేసిన ఇనప బండి నడిపేవాణ్ని. పెట్రోలింగ్‌కి ఎనిమిది మందిని ఎక్కించుకుని వెళ్లి, ఎనిమిది మందినీ తిరిగి తెచ్చేవాణ్ని. అదే నా శౌర్యం. ఈ మాట విన్నాక సగం మంది క్రికెట్ కబుర్లలోకి వెళ్లిపోతారు. మిగిలినవాళ్ల కోసం ఇది చెబుతున్నాను.

దిగిన గంటలోపే పోస్టు కమాండర్ మమ్మల్ని వరుసలో నిలబెట్టాడు. హర్యానా సుబేదార్. పొడుగు మనిషి, మీసం తెల్లబడింది. హిందీలో నాలుగే ఆర్డర్లు ఇచ్చాడు. సైరన్ మోగితే బూట్లు వెతుక్కోకుండా బంకర్‌లోకి దూకాలి. గోడ దాటి ఒంటరిగా అడుగు పెట్టకూడదు, పొలాల్లో పాత మందుపాతరలున్నాయి. ఊరివాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. ఫోన్లు ఇప్పుడే జమ చెయ్యాలి. వారానికోసారి శాటిలైట్ ఫోన్ వస్తుంది, మనిషికి ఐదు నిమిషాలు. అంతే. డిస్మిస్.

ఆ సాయంత్రమే రేడియో బంకర్‌లోంచి ఒక గొంతు వినిపించింది. "ఏటి దీని ఏసాలు, నిన్నటిదాకా బాగానే ఉంది కదేటి." సెట్‌ని తిడుతున్నాడు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. అంత దూరంలో, ఆ చలిలో, ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరు?" అన్నాను.

"వైజాగే. పాత పోస్టాఫీసు దగ్గిర. నువ్వు?"

"మల్కాపురం."

"ఐతే మనం పక్కపక్కనే ఉండి ఇంత దూరం వచ్చి కలుసుకున్నామన్నమాట," అని నవ్వాడు.

అతను రేడియో ఆపరేటర్ ఖాదర్. వాళ్ల నాన్న పాతబస్తీలో టైలర్, చనిపోయాడు. ఇంట్లో తల్లి, తమ్ముడు సలీం. సలీంకి ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసే షాపు. నాలుగు రోజుల్లో మేము బావా అంటే బావా అయిపోయాం. పోస్టులో మమ్మల్ని పెద్ద ఆంధ్రా, చిన్న ఆంధ్రా అనేవాళ్లు. నేను పెద్ద.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఇది ఎవరినీ రెచ్చగొట్టడానికి చెప్పడం లేదు, ఉన్న మాట. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపాడు. దసరాకి అందరూ క్రేన్లకి కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొడుతుంటే, ఆయన తన క్రేన్‌కి గ్రీజు పెట్టేవాడు. నేను ఆయన కొడుకుని. ఫౌజులో ఆదివారం మందిర్ పరేడ్ ఉంటుంది. ఆర్డర్ కాబట్టి వెళతాను, బూట్లు విప్పుతాను, నిలబడతాను. చేతులు జోడించను. ప్రసాదం మాత్రం రెండుసార్లు తింటాను. సుబేదార్ రెండు ఆదివారాలు చూసి ఊరుకున్నాడు. మూడో ఆదివారం లోపే రంజాన్ వచ్చింది.

పోస్టు మొత్తానికి ముస్లిం ఖాదర్ ఒక్కడే. మా ఫౌజులో ఒక పద్ధతి ఉంది. ఏ మతం జవాను పండగైనా ఆ దళం మొత్తానిది. రోజా ఉండేవాడు ఒంటరిగా కూర్చుని ఉపవాసం విప్పకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి. సుబేదార్ సాయంత్రం రోల్‌కాల్‌లో అందరినీ ఒకసారి చూసి, నా మీద చూపు ఆపాడు.

"పెద్ద ఆంధ్రా. నీకు మంగళవారం లేదు, శనివారం లేదు, గురువారం లేదు. ఖాళీగా ఉన్నవాడివి నువ్వే. ఈ నెల ఖాదర్‌తో నీ డ్యూటీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేవుడు లేడనేవాడికి రోజా డ్యూటీ పడింది.

మొదటి రెండు రోజులు నేను మామూలుగా తిని, సాయంత్రం వెళ్లి అతని పక్కన కూర్చునేవాణ్ని. రెండో రోజే ఖాదర్ అన్నాడు. "కడుపు నిండినోడు పక్కన కూర్చుంటే, కొత్తపెళ్లికొడుకు పక్కన పిల్లలున్నోడ్ని కూర్చోబెట్టినట్టుంది బావ. నా ఆత్రం నీకేటి తెలుస్తాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాటి నుంచి నేనూ మానేశాను. ఆకలిని ఒక లెక్కలోకి తీసుకోలేదు. నీళ్లే కష్టం. తలకి హెల్మెట్, ఒంటికి పది కిలోల జాకెట్, బండిలో ఇంజన్ వేడి. మధ్యాహ్నం మూడయ్యేసరికి నాలుక అట్టముక్కలా అయ్యేది. బాటిల్ సీటు పక్కనే ఉండేది. నన్ను చూసేవాడు పైన ఎవరూ లేడని నాకు తెలుసు. అయినా తాగలేదు. ఎందుకు తాగలేదని మీరడిగితే, ఖాదర్ తాగలేదు కాబట్టి. అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

సాయంత్రాలు మేము రేడియో బంకర్ మెట్ల మీద కూర్చునేవాళ్లం. స్టీలు పళ్లెంలో ఖర్జూరాలు, రెండు గ్లాసుల నీళ్లు, వంటవాడు వేసిన పకోడీ. ఊరు సగం ఖాళీ అయింది. గుండ్లు పడిన రోజు మసీదులోంచి ఏమీ వినిపించేది కాదు, వాచీ చూసుకుని విప్పేవాళ్లం. మిగతా రోజుల్లో అజాన్ లోయ దాటి వచ్చేది. అజాన్ పడగానే ఖాదర్ మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టేవాడు.

"నాకైతే పైవోడు కూలి ఇత్తాడు బావ. నువ్వు ఊరికే సేత్తన్నావ్. ముందు నువ్వు తిను."

రంజాన్ సగం అయ్యాక శాటిలైట్ ఫోన్ వచ్చిన రోజు ఖాదర్ తన ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. వేసవిలో చేపల వేట నిషేధం పెట్టేలోపు ఆఖరి ట్రిప్పని ఒక బోటు వెళ్లింది. దాని ఇంజన్ సలీం విప్పి మళ్లీ కట్టాడు. కట్టిన ఇంజన్ సముద్రంలో ఎలా మాట్లాడుతుందో విందామని అతనూ ఎక్కాడు. ఆరుగురు వెళ్లారు. గాలివాన వచ్చింది. తిరిగి రావలసిన బోటు రాలేదు. వైర్‌లెస్ పలకడం లేదు. తల్లి రోజూ హార్బర్‌కి వెళ్లి జెట్టీ మీద కూర్చుంటోంది.

"మావోడికి ఈతొచ్చు," అన్నాడు ఖాదర్. మళ్లీ అదే అన్నాడు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు మారిపోయాయి. అజాన్‌కి ముందు కాసేపు అతను చేతులెత్తి కళ్లు మూసుకునేవాడు. రోజా విప్పబోయే ముందు అడిగింది వృథా పోదని వాళ్ల నమ్మకం. ఒక సాయంత్రం కళ్లు తెరిచి నావైపు తిరిగాడు.

"బావ, నువ్వు కూడా అడుగు."

"ఎవుల్ని?"

"నువ్వు పుట్టి బుద్దెరిగి ఏటీ అడగలేదు కదా. నాను సిన్నప్పటినుంచీ ఏదో ఒకటి అడుగుతానే ఉన్నాను. ఆయనికి నా గొంతు వినీవినీ అలవాటైపోయుంటాది. నువ్వు మొదటిసారి అడిగితే వింటాడేమో."

తమాషాకి అన్న మాట కాదు. అతని కళ్లలో ఆశ ఉంది, ఆ ఆశ నా మీద ఉంది. 

"లేనోడ్ని అడిగితే అది అబద్దం అవుద్ది ఖాదర్. నీ తమ్ముడి పేరు పెట్టి నాను అబద్దం ఆడలేను."

"ఉన్నోడితో నాను మాట్లాడుకుంటాన్లే. నువ్వు నా పక్కన సెయ్యెత్తు, సాలు."

నేను ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు, తర్వాత రోజులూ ఎత్తలేదు. అతను మళ్లీ అడగలేదు. చేతులెత్తే ముందు మాత్రం ఒక్కసారి నావైపు చూసేవాడు. నా చేతులు మోకాళ్ల మీదే ఉండేవి. నాకు తెలిసిన నిజాయితీ అదొక్కటే. అది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, అయినా ఆ చూపు గుర్తొస్తే ఆ నిజాయితీ నాకు చేదుగా ఉంటుంది.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఒంటిగంట దాటాక, సెట్ దగ్గర నేనున్నాను. తను నమాజుకి వెళ్లినప్పుడు సెట్ చూడడం ఖాదర్ నాకు నేర్పాడు. మా పోస్టు పిలుపు పేరు ఫోర్.

"ఫోర్, ఇక్కడ కంట్రోల్. ఎవరు మాట్లాడేది?"

"డ్రైవర్."

"ఆపరేటర్ దగ్గర లేడు కదా?"

"లేడు."

"మంచిది. పోస్టు కమాండర్ని సెట్ మీదకి పిలు. అర్జెంట్."

సుబేదార్ వచ్చాడు. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాడు. "రోజర్" అని రెండుసార్లు అన్నాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టి, విన్నది నాకు చెప్పాడు.

తెల్లవారుజామున ఇంకో బోటు సలీం వాళ్ల బోటుని హార్బర్‌కి లాక్కొచ్చింది. ఐదుగురు బతికున్నారు. గాలివానలో ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుంటే సలీం కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. బోటు అలకి లేచి పడింది. మనిషిని పైకి తీసేసరికి ప్రాణం లేదు. చేపల కోసం పట్టుకెళ్లిన ఐసులో పెట్టి తెచ్చారు. ఈ సాయంత్రం అక్కడ నమాజు అయ్యాక మట్టి ఇస్తారు. అక్కడ సాయంత్రం ఐదంటే మాకు మధ్యాహ్నం రెండున్నర.

నేను లేచాను. "పిలుచుకొస్తాను సార్."

"కూర్చో," అన్నాడు సుబేదార్. "ఉపవాసంలో ఉన్నాడు. పొద్దున నాలుగు నుంచి నీటిచుక్క లేదు. సాయంత్రం విప్పి, రెండు ముద్దలు తిన్నాక చెబుదాం."

"సార్, అక్కడ మట్టి రెండున్నరకి. ఇప్పుడు చెబితే..."

"ఇప్పుడు చెబితే ఏం చేస్తాడు? వెళ్లగలడా? రోడ్డు మూసి ఉంది. ఫోన్ ఇక్కడ లేదు. ఇప్పుడు చెబితే ఇంక గొంతులోకి ఏదీ దిగదు." ఆయన గొంతు తగ్గింది. "మా నాన్న పోయాడన్న మాట నాకు ముద్ద చేతిలో ఉండగా చెప్పారు. ఈ రోజుకీ నేను ఆ కూర ముట్టను. తిన్నాక నువ్వే చెప్పు. మీ భాషలో చెప్పు. ఇది ఆర్డర్."

నేను ఎదురాడలేకపోయాను. ఎందుకంటే మా అమ్మయినా అదే చేసేది. మా ఇళ్లల్లో ఎవరైనా పోతే, బయటి నుంచి వచ్చినవాడికి ముందు కంచం పెడతారు. "తిన్నాక చెబుదాంలే" అని వంటింట్లో గుసగుసలాడతారు. వాడు తింటుంటే చుట్టూ నిలబడి చూస్తారు. అది ప్రేమే. ఆ ప్రేమకి ఉపవాసం సంగతి తెలియదు. మామూలు రోజైతే అరగంట ఆగే కబురు, ఆ రోజు సూర్యుడు దిగేదాకా ఆగాలి.

సాయంత్రం దాకా నేను ఖాదర్ ఎదుట పడలేదు. బండి కిందకి దూరి, బిగించాల్సిన అవసరం లేని నట్లు బిగిస్తూ పడుకున్నాను.

ఆరున్నరకి మెట్ల మీదకి వెళ్లాను. వాన వెలిసింది. పడమట కొండ మీద సూర్యుడు ఇంకా జానెడు ఎత్తున ఉన్నాడు. ఖాదర్ ముఖం కడుక్కుని వచ్చాడు. పళ్లెం సర్దాడు. ఖర్జూరాలు, గ్లాసులు, పకోడీ. చేతులెత్తి, ఎప్పటిలాగే ఒక్కసారి నావైపు చూశాడు.

నేను చేతులెత్తాను.

ఎందుకెత్తానో నాకు తెలుసు. అతను అడుగుతున్నది అప్పటికే అయిపోయింది, అది నాకు తెలిసి అతనికి తెలియదు. అలాంటప్పుడు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. అతని ముఖం వెలిగింది.

"ఇయ్యాల ఎత్తావ్ బావ," అన్నాడు మెల్లగా. "ఇంక సూడు."

కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. సూర్యుణ్ని చూస్తూ కూర్చున్నాను. నేను కూడా అడిగాను. నా జన్మలో అడిగింది అదొక్కసారే. కాసేపు ఆగు అని అడిగాను. దిగకు అని. ఎవరిని అడిగానో నాకు తెలియదు. సూర్యుడు ఎర్రబడి, కొండ అంచుకి తగిలి, సగమై, పోయాడు. లోయ అవతల అజాన్ మొదలైంది.

ఖాదర్ మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకున్నాను. నమలలేకపోయాను. అతను తన ఖర్జూరం నోటి దగ్గరకి తెస్తూ సగంలో ఆపాడు.

"ఏటైంది బావ?"

"నువ్వు ముందు నీళ్లు తాగు."

"బోటు దొరికిందేటి?"

"దొరికింది. పొద్దున్న హార్బర్‌కి లాక్కొచ్చారు. ఐదుగురు బాగున్నారు."

"ఎళ్లింది ఆరుగురు," అన్నాడు.

 అతను పళ్లెం వైపు చూశాడు. పెదాలు కదిలి అరబ్బీలో ఏదో అన్నాడు. ఆ తర్వాత చేతిలో ఉన్న ఖర్జూరం తిన్నాడు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు, మూడు గుక్కల్లో, ఎప్పుడూ తాగినట్టే. రోజా విప్పాలి కాబట్టి విప్పాడు. నేను అనుకున్నట్టు అరవలేదు, పడిపోలేదు.

"ఎలగ?"

చెప్పాను. తాడు, కత్తి, అల.

"తీసారా?"

"తీసారు. ఐసులో పెట్టి తెచ్చారు."

"మట్టి?"

"ఐపోయింది. సాయంత్రం నమాజు తరవాత."

వాచీ చూసుకున్నాడు. వేలితో ఏదో లెక్కేసుకున్నాడు. "అంటే ఇక్కడ రెండున్నర."

"ఆఁ."

"అప్పటికి నీకు తెలుసేటి?"

"తెలుసు."

ఖాదర్ ఖాళీ గ్లాసు పళ్లెంలో బోర్లించాడు. "తిన్నాక సెప్పమన్నారా," అన్నాడు. అది ప్రశ్నలా అనలేదు. "మా అమ్మైనా అలగే సేసును. కానీ బావ, ఆ టైముకి సెప్పుంటే నాను కూడా ఇక్కడ నిలబడి ఆడి కోసం సదువుకుందును. ఆడ్ని దించుతున్నప్పుడు నాను ఒట్టినే ఉన్నాను."

   సుబేదార్ టీ గ్లాసు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి మావైపే చూస్తున్నాడు. రాలేదు.

ఖాదర్ లేచి డబ్బాలో నీళ్లతో చేతులు, ముఖం, పాదాలు కడుక్కున్నాడు. బంకర్ పక్కన దుప్పటి పరిచి నమాజుకి నిలబడ్డాడు. అదే సమయానికి లోపల సెట్ పలికింది. నేను లోపలికి వెళ్లాను.

"ఫోర్, ఇక్కడ కంట్రోల్. సాయంత్రం రిపోర్టు."

"కంట్రోల్, ఇక్కడ ఫోర్. మనుషులందరూ హాజరు. కొత్తగా ఏమీ లేదు. ఓవర్."

రోడ్డు తెరవడానికి వారం పట్టింది. ఆ వారమూ ఖాదర్ రోజాలు మానలేదు, నేనూ మానలేదు. చేతులెత్తేటప్పుడు అతను నావైపు చూడడం మానేశాడు. మొదటి ఖర్జూరం నాకివ్వడం మాత్రం మానలేదు. అది నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. రోడ్డు తెరిచాక సెలవు మీద పంపారు. సుబేదార్ గేటు దాకా వెళ్లి అతని బ్యాగు తానే మోశాడు. 

నా టూర్ చలికాలంలో ముగిసింది. ఢిల్లీ నుంచి రైల్లో వచ్చాను. తర్వాత కొన్నాళ్లకి ఫౌజు కూడా వదిలేశాను. ఇప్పుడు గోపాలపట్నంలో ఒక గోడౌన్‌కి లారీ నడుపుతున్నాను. ఖాదర్ ఇంకా సర్వీసులో ఉన్నాడు, ఎక్కడో మంచుకొండల్లో. ఫోన్ చేస్తాడు. బావా అనే పిలుస్తాడు. ఆ రోజు సంగతి ఎత్తడు, నేనూ ఎత్తను.

లెబనాన్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారంలోనే పాతబస్తీకి వెళ్లి వాళ్లమ్మని చూశాను. చిన్న ఇల్లు. గుమ్మం పక్కన మూలగా కుట్టుమిషన్. నన్ను కూర్చోబెట్టి సేమియా పెట్టింది. నేను తినేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గిన్నె ఖాళీ అయ్యాక అడిగింది.

"మా సిన్నోడికి మట్టిచ్చిన టైముకి పెద్దోడు ఏటి సేత్తన్నాడు బేటా? ఆడ్ని అడిగితే సెప్పడు. నువ్వు సూసుంటావు కదా."

"పడుకున్నాడమ్మా," అన్నాను. "రోజా కదా. నిద్రపోతన్నాడు."

ఆమె తలాడించింది. "పోన్లే. పడుకున్నాడు," అంది.

ఖాదర్ పడుకోలేదు. రెండున్నరకి నేను బండి కింద వెల్లకిలా ఉన్నాను. చక్రాల మధ్యలోంచి వంటగది గుమ్మం కనిపిస్తోంది. సాయంత్రం పకోడీకి వంటవాడికి సాయం చేస్తానని ఖాదర్ ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. కళ్లు మండకుండా విషవాయువుల మాస్క్ తగిలించుకున్నాడు, నల్ల రబ్బరుది, రెండు గుండ్రటి అద్దాలున్నది. వంటవాడు చూసి పడీపడీ నవ్వుతున్నాడు. నేను వాచీ చూశాను. మళ్లీ అటు చూశాను. కత్తి ఆపి ఖాదర్ కూడా నవ్వుతున్నాడు. మాస్క్‌లోంచి నవ్వు బయటికి వినిపించడం లేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అద్దాల వెనక కళ్లు పొడిగా ఉన్నాయి.